పెట్టె ముందు నిలబడి నరకం ప్రకటించకండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

క్రైస్తవంలో నరకం ఉందా, లేదా అన్న విషయం మీద మీ పత్రికలో కొన్ని వారాలుగా అచ్చవుతున్న ఉత్తరాలను శ్రద్ధగా చదువుతున్నాను. వాటిలో రెండింటికి జవాబు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నరకమనేది పామరులను భయపెట్టి డబ్బు గుంజడానికి మధ్యయుగాల మతగురువులు అల్లిన కట్టుకథ అని ఒక హేతువాది తీర్మానించారు. నిత్య నరకాన్ని అనుమానించినవాడు అసలు క్రైస్తవుడే కాడనీ, అలాంటివాడికి సంఘంలో చోటు ఇవ్వకూడదనీ ఒక సువార్తికుడు రాశారు. నేను నలభై ఏళ్లుగా చెన్నై పెరంబూరులో ఉంటున్న తెలుగు క్రైస్తవురాలిని. తెలుగు ఉపాధ్యాయురాలిగా పనిచేసి విరమించాను, మా సంఘంలో ఇరవై రెండేళ్లు సండే స్కూలు నడిపాను. వేదాంతంలో పట్టా లేదు. అయినా ఈ విషయం మా ఇంటి గడప దాటి లోపలికి వచ్చింది కనుక రాస్తున్నాను.

పోయిన ఏడాది ఆగస్టులో మా మరిది గుండెపోటుతో చనిపోయాడు. రైలు పెట్టెల కర్మాగారంలో ముప్పై మూడేళ్లు పనిచేసిన మనిషి. మా వీధిలో ఎవరింట్లో చావు జరిగినా బల్లలు, కుర్చీలు తెప్పించి, దూరం నుంచి వచ్చినవాళ్లకు అన్నం ఏర్పాటు చేసి, అందరూ వెళ్లిపోయాక ఆఖరున ఇంటికి చేరేవాడు. అయితే చాలా ఏళ్లుగా ఆరాధనకు రావడం మానేశాడు. కీల్పాకు సమాధుల తోటలో కొత్త చోటు దొరకడం కష్టం కాబట్టి మా అత్తమామలను ఉంచిన సమాధినే మళ్లీ తెరిపించాము. పెట్టెను తాళ్లతో దించుతుండగా, ప్రసంగానికి బయటి నుంచి వచ్చిన ఒక బోధకుడు, చనిపోయి అగ్నిలో యాతనపడే ధనవంతుడి గురించి యేసు చెప్పిన ధనవంతుడు, లాజరుల కథ ఎత్తుకున్నాడు. చనిపోయిన ఈ సహోదరుడు ఈ క్షణాన నాలుక తడుపుకోవడానికి ఒక్క నీటి చుక్క కోసం కేకలు వేస్తున్నాడనీ, వింటున్నవాళ్లు క్రీస్తును నమ్ముతామని ఈ రోజే తీర్మానం చేసుకోకపోతే వాళ్లకూ అదే గతి అనీ చెప్పాడు. నా తోటికోడలు గుంట అంచున కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, ఆ బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఆ రాత్రి మా మరిది మనవరాలు, ఎనిమిదేళ్ల పిల్ల, నా పక్కన పడుకుని చాలాసేపు నిద్రపోలేదు. చివరికి, "అవ్వా, మట్టి వేస్తే నిప్పు ఆరిపోతుంది కదా? అందరూ తలా ఒక గుప్పెడు మట్టి వేశారు కదా, తాతకు ఆరిపోయి ఉంటుందా?" అని అడిగింది. ఆ పిల్ల తన వంతు మట్టిని గుంటలో వేస్తూ మనసులో ఏమనుకుందో నాకు అప్పుడు అర్థమైంది.

మా మరిది సంఘానికి ఎందుకు దూరమయ్యాడో ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే అతని సందేహం గాలికి పుట్టింది కాదు. మాది ఒంగోలు ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబం. 1876–78 నాటి మహా కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకొని వేల మందికి కూలి చూపించాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపి, తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నీళ్లలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిపించారు. మా మామగారి తాత ఆ కాలువలో మట్టి మోసి, ఆ రోజుల్లోనే బాప్తిస్మం పొందినవాడు. ఆయన తల్లి మాత్రం సువార్త చెవిన పడకముందే, తన వంతు గంజి కొడుకుకు పోసి, ఆకలితో చనిపోయిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. సెంట్రల్ స్టేషను వైపు వెళ్తూ ఆ కాలువ మురికి నీళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ తల్లే గుర్తుకు వస్తుంది. ఒక ఉజ్జీవ కూటంలో మా మరిది లేచి, ఆ తల్లి ఇప్పుడు ఎక్కడుందని అడిగాడు. నరకంలో ఉంది, వాక్యం అలాగే చెబుతోంది అని వేదిక మీది నుంచి జవాబు వచ్చింది. "ఆవిడ గంజి తాగి బతికినవాళ్లం మనం పరలోకానికి, ఆవిడ నరకానికీనా వదినా?" అని అడిగి, ఆ తర్వాత అతను గుడి మెట్లు ఎక్కలేదు. తెలుగు క్రైస్తవుల్లో ఈ ప్రశ్న లేని ఇల్లు ఉండదు, ఎందుకంటే ఏ వంశవృక్షం గీసినా ఒక తరం దగ్గర గీత గీసి, దానికి పైనున్న వాళ్లందరినీ అగ్నికి అప్పగించాల్సి వస్తుంది.

వాక్యం అలాగే చెబుతోందా అన్నది చూద్దాం. పరిశుద్ధ గ్రంథంలో మనం ఒకే గంపలో వేసి నరకం అంటున్నవి నిజానికి వేర్వేరు మాటలు. హెబ్రీ భాషలో షియోల్ అంటే మంచివాడూ చెడ్డవాడూ చేరే మృతుల చోటు. యాకోబు కూడా తాను అక్కడికే దిగిపోతానని ఏడ్చాడు. దానికి గ్రీకులో దగ్గరి మాట హేడిస్. గెహెన్నా వీటికి భిన్నమైనది. 1611 నాటి ఆంగ్ల అనువాదం ఈ తేడాలను చాలా చోట్ల చెరిపేసింది. మన తెలుగు అనువాదకులు ఈ విషయంలో ఎంతో జాగ్రత్తపడ్డారని ఒక భాషా ఉపాధ్యాయురాలిగా సంతోషంతో చెబుతున్నాను. షియోల్, హేడిస్‌లను పాతాళమనీ, మృతుల లోకమనీ అన్నారు, గెహెన్నాను మాత్రమే నరకమన్నారు. యేసు చనిపోయి దిగిన చోటును మేము విశ్వాస ప్రమాణంలో అదృశ్యలోకము అంటాము. ఆ బోధకుడు ఎత్తుకున్న ధనవంతుడు సైతం మన తెలుగు గ్రంథంలో పాతాళంలోనే ఉన్నాడు.

అయితే నరకమనే మాట ఎంచుకోవడంలో మరో చిక్కు వచ్చి పడింది. ఆ మాట మనకు పురాణాల నుంచి వచ్చింది. భాగవతం ఐదవ స్కంధంలో ఇరవై ఎనిమిది నరకాల పేర్లు ఉన్నాయి, కుంభీపాకంలో సలసల కాగే నూనె ఉంది. కానీ ఆ నరకాలలో ఏదీ శాశ్వతం కాదు, చేసిన పాపం అనుభవించడం పూర్తికాగానే జీవుడు అక్కడి నుంచి బయటపడి మళ్లీ పుడతాడు. మన వేదికల మీద వినిపించే నరకం ఆ నూనె కొప్పెరను పురాణం నుంచి తీసుకొంది, ఎన్నటికీ అంతం లేకపోవడాన్ని పాశ్చాత్య వేదాంతం నుంచి తీసుకొంది. రెండు సంప్రదాయాల్లోని భయంకరమైన భాగాలను ఏరి కలిపి, ఇదే దేవుని వాక్యమని పిల్లల ముందు పెడుతున్నాము.

గెహెన్నా గురించి ఇంకొంచెం చెప్పనివ్వండి. అది యెరూషలేముకు దక్షిణాన ఉన్న హిన్నోము లోయ పేరు. అది పట్టణపు చెత్త తగలబెట్టే చోటనీ, అక్కడ మంట ఎప్పుడూ ఆరేది కాదనీ నేను కూడా ఏళ్ల తరబడి సండే స్కూలులో చెప్పాను. ఆ మాట మొదట కనిపించేది యేసు తర్వాత సుమారు పన్నెండు వందల ఏళ్లకు, కింహి అనే యూదు పండితుని వ్యాఖ్యానంలో అనీ, పాత ఆధారమేదీ దొరకలేదనీ ఆ తర్వాత తెలుసుకున్నాను. గ్రంథంలోనే ఉన్న కారణం ఇంతకన్నా ఘోరమైనది. ఆ లోయలో తల్లిదండ్రులు తమ కొడుకులనూ కూతుళ్లనూ అగ్నిలో దహించారు. యోషీయా రాజు ఆ చోటును అపవిత్రపరిచి ఆ పని ఆపించాడు. యిర్మీయా ఏడవ అధ్యాయంలో దేవుడు దాని గురించి, అలాంటి పని నేను ఆజ్ఞాపించలేదు, నా మనసుకు తోచనైనా లేదు అంటాడు. పిల్లలను కాల్చడం తన ఊహకు కూడా రాలేదని చెప్పిన దేవుని పేరు మీద, అదే లోయ పేరు పట్టుకుని, ఒక పిల్లకు రాత్రంతా నిద్ర లేకుండా చేసే అధికారం ఏ బోధకుడికైనా ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంతమాత్రాన గెహెన్నాను గ్రంథంలో నుంచి తీసివేయలేము, తీసివేయాలని నేను అడగడం లేదు. కొత్త నిబంధనలో ఆ మాట పన్నెండు సార్లు వస్తే, పదకొండు సార్లు యేసు నోటనే వచ్చింది. 1927లో తత్త్వవేత్త బెర్ట్రండ్ రసెల్ లండనులో చేసిన ప్రసంగంలో క్రీస్తు నైతిక స్వభావంలో తనకు కనిపించిన పెద్ద లోపం ఇదేనని చెప్పాడు, ఆ అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోను. అయితే ఆ పదకొండు చోట్లా యేసు ఎవరితో మాట్లాడుతున్నాడో చూడాలి. తన శిష్యులతోనూ, శాస్త్రులు, పరిసయ్యులనే మతపెద్దలతోనూ మాట్లాడుతున్నాడు. సహోదరుని ద్రోహీ అని తిట్టేవాడికి నరకాగ్ని అన్నాడు. ఒక్కణ్ని తమ మతంలో కలుపుకోవడానికి సముద్రమూ భూమీ చుట్టివచ్చి, కలిసినవాణ్ని తమకంటే రెండింతలు నరకపాత్రునిగా చేసేవాళ్లను పేరు పెట్టి గద్దించాడు. యూదులు కాని అన్యజనుల్లో ఒక్కరిని చూసి కూడా ఆ మాట అనలేదు. పౌలు పత్రికల్లో గెహెన్నా లేదు. అపొస్తలుల కార్యాల్లో పేతురు, పౌలు జనసమూహాల ముందు చేసిన ప్రసంగాల్లో తీర్పు ఉంది కాని గెహెన్నా ఒక్కసారీ లేదు. లాజరు కథలోని ధనవంతుడు ఏ సిద్ధాంతాన్నో తిరస్కరించినట్టు కథలో లేదు, అతను రోజూ సుఖపడుతుండగా లాజరు కురుపులతో అతని వాకిట పడి ఉన్నాడని మాత్రం ఉంది. ఆ కథను ఊరందరికీ అన్నం పెట్టిన మనిషి పెట్టె మీద చదివారు.

సందేహించినవాడు క్రైస్తవుడు కాడన్న సువార్తికుని మాటకు చరిత్ర ఒప్పుకోదు. మూడవ శతాబ్దంలో ఒరిగెను అనే వేదాంతి సమస్తమూ చివరకు దేవునిలో బాగుపడుతుందని ఆశించాడు. ఆ ఆశను తర్వాత సంఘం ఖండించిన మాట నిజమే, కాని అదే ఆశను ప్రకటించిన నాలుగవ శతాబ్దపు బిషప్పు నీస్సా గ్రెగొరీని నేటికీ పరిశుద్ధునిగా స్మరిస్తున్నారు. నిత్యశిక్షను అందరికంటే గట్టిగా సమర్థించిన ఐదవ శతాబ్దపు వేదాంతి అగస్టీను, దేవుని నగరం గ్రంథం 21వ భాగంలో, శిక్షకు అంతం ఉంటుందనుకునే విశ్వాసులను దయగల మనవాళ్లని పిలిచి వారితో శాంతంగా వాదిస్తానన్నాడు. పదహారు వందల ఏళ్ల కిందట ఆయనకు సాధ్యమైన మర్యాద మనకు ఎందుకు సాధ్యం కావడం లేదు? 1853లో లండనులో ఫ్రెడరిక్ మోరిస్ అనే వేదాంత ఆచార్యుడు నిత్యశిక్ష మీద ప్రశ్న ఎత్తి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ప్రపంచ సువార్తిక క్రైస్తవులు కుదుర్చుకున్న 1974 నాటి లౌసాన్ ఒడంబడిక రాతసంఘానికి పెద్దగా ఉన్న జాన్ స్టాట్, 1988లో, దుష్టులకు అంతులేని చిత్రహింస కన్నా పూర్తి నాశనమే వాక్యానికి దగ్గరగా ఉందేమోనని రాశాడు. ఆత్మను దేహమును కూడ నరకములో నశింపజేయగలవాడు అన్న మత్తయి పదవ అధ్యాయపు మాటను అక్షరాలా తీసుకుంటే ఆ అర్థం వస్తుంది, నిత్యశిక్ష అన్న ఇరవై అయిదవ అధ్యాయపు మాటను తీసుకుంటే మరో అర్థం వస్తుంది. ఈ రెండు మాటల మధ్య నిజాయతీగా ఆగిపోయినవాణ్ని అవిశ్వాసి అనడం అన్యాయం. 1999 జూలైలో రెండవ జాన్ పాల్ పోపు నరకం ఒక స్థలం అనేకంటే దేవుని నుంచి తమను తాము వేరుచేసుకున్నవారి స్థితి అని బోధించాడు. 2024 జనవరిలో ఫ్రాన్సిస్ పోపు నరకం ఖాళీగా ఉందని ఊహించుకోవడం తనకు ఇష్టమనీ, అది సిద్ధాంతం కాదు, తన సొంత ఆశ అనీ చెప్పాడు. వారి సంఘపు బోధ నిత్య నరకాన్ని ఒప్పుకుంటూనే ఉంది. ఒప్పుకుంటూ కూడా అలా ఆశపడవచ్చునన్న మాట.

హేతువాది రాసినదానిలో ఒక తప్పును సరిదిద్దాలి. మధ్యయుగాల్లో డబ్బు తీసుకొని పాపపరిహార పత్రాలు ఇచ్చింది నరకం నుంచి తప్పించడానికి కాదు. అవి పరలోకానికి ముందు శుద్ధి జరిగే చోటని కతోలిక సంఘం చెప్పే ఉత్తరించు స్థలంలో శిక్ష తగ్గించడానికి ఇచ్చినవి. నరకం నుంచి ఏ పత్రమూ ఎవరినీ తప్పించలేదన్నదే అప్పటి బోధ కూడా. 1517లో లూథరు ఎదిరించింది ఆ పత్రాల అమ్మకాన్ని, నరకాన్ని కాదు. డబ్బు కోసం పుట్టిందనే వాదన నరకానికి అతకదు.

అసలు ఆయనతో నాకున్న భేదం దానికన్నా లోతైనది. తీర్పు లేకపోతే మనిషి హాయిగా ఉంటాడని ఆయన రాశారు. ఏ మనిషి? 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు. పదహారేళ్లకు, 2007లో, ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014లో హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసి అందరినీ విడిచిపెట్టింది. ఆ ఎనిమిది మందిని చంపిన చేతులు ఎవరివో అక్కడ తేలలేదు. తెనాలి వైపు నుంచి బతుకుతెరువు కోసం వచ్చి మా సంఘంలో చేరిన ఒక పెద్దావిడ ఆ వార్త విన్న ఆదివారం నా చేయి పట్టుకుని, "ఇక్కడి కోరటు కట్టేశారు, పైన కోరటు ఎవరూ కట్టెయ్యలేరమ్మా" అంది. అంతిమ తీర్పును నమ్మవద్దని ఆవిడకు చెప్పే ధైర్యం నాకు లేదు, అలా చెప్పడం న్యాయమని కూడా నేను అనుకోను. చచ్చినవాడూ చంపినవాడూ ఒకే మట్టిలో కలిసిపోయి లెక్క అంతటితో ముగిసిపోతుందంటే నా మనసు ఒప్పుకోదు. దేవుడు న్యాయాధిపతి అని నేను నమ్ముతున్నాను. ఆ తీర్పు ఆయనదని నమ్ముతున్నాను కనుకనే, దానిని ఆయన చేతిలో నుంచి లాక్కుని ఫలానావాడు ఫలానా చోట కాలుతున్నాడని ప్రకటించేవారిని చూసి భయపడుతున్నాను. పై కోర్టును నమ్ముకున్న ఆ పెద్దావిడ కూడా ఏ ఒక్కరి పేరూ చెప్పి నరకానికి పంపలేదు.

అందుచేత మీ పత్రిక ద్వారా మన తెలుగు సంఘాల పెద్దలను వేడుకుంటున్నాను. నరకాన్ని బోధించవలసి వస్తే ఆదివారం ఆరాధనలో, కూర్చున్న మనందరికీ, మన వాకిట పడి ఉన్న లాజరులను చూపించి బోధించండి. భూస్థాపనలోనూ, ఆదరణ కూడికలోనూ చనిపోయినవారి గతిని ప్రకటించవద్దని బోధకులకు ముందే చెప్పండి. బయటి నుంచి ప్రసంగికులను పిలిచే ముందు కుటుంబాన్ని ఒక్క మాట అడగండి. సండే స్కూలు పిల్లలకు మంటల బొమ్మలు చూపించి తీర్మానాలు చేయించడం ఆపండి. పన్నెండేళ్లు కూడా నిండని పిల్ల భయంతో ఎత్తిన చెయ్యిని విశ్వాసమని లెక్క రాసుకున్న రోజులు నా సొంత రిజిస్టరులోనే ఉన్నాయి, వాటికి నేను దేవుని ముందు జవాబు చెప్పుకోవాలి.

ఏడాది నిండిన తర్వాత మా మరిది సమాధి మీద రాయి నిలబెట్టాము. దాని మీద 139వ కీర్తనలో నుంచి ఒక వాక్యం చెక్కించమని నేను కోరితే, సమాధి రాతి మీద పాతాళమన్న మాట బాగుండదని మా వాళ్లలో కొందరు అభ్యంతరం చెప్పారు. నా తోటికోడలు మాత్రం అదే కావాలంది. రాయి చెక్కినాయన తమిళుడు కావడం వల్ల, నేను కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇస్తే, ఒక్క వత్తు పోకుండా చెక్కాడు. మనవరాలు బడిలో తమిళం చదువుతోంది, తెలుగు అక్షరాలు నా దగ్గర నేర్చుకుంటోంది. ఆ రోజు రాయి ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది: నేను పాతాళమందు పండుకొనినను నీవు అక్కడను ఉన్నావు. చదివి, నా వైపు తిరిగి, "అక్కడను అంటే అక్కడ కూడానా అవ్వా?" అని అడిగింది. అవునని చెప్పాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
పెరంబూరు, చెన్నై